ఇల్లు కట్టే మేస్త్రీని ముసురు పట్టినప్పుడు వెతకండి

ఇల్లు కట్టించాలనుకోగానే మన నోట్లోంచి వచ్చే మొదటి మాట “అడుగుకి ఎంత తీసుకుంటున్నారు?” అనేదే. నేనూ 2014లో అదే అడిగాను. నెల్లూరులో పొదలకూరు రోడ్డు వైపు 30 అంకణాల, అంటే 2,160 చదరపు అడుగుల స్థలం, ముగ్గురు కాంట్రాక్టర్లు వచ్చి చూసి రేట్లు చెప్పారు, అందరికంటే తక్కువ చెప్పినాయనకి అడ్వాన్స్ ఇచ్చి పని అప్పజెప్పాను. 2015 మేలో గృహప్రవేశం బ్రహ్మాండంగా జరిగింది. ఆ నవంబరులో నెల్లూరును ముంచేసిన వానలు మీకు గుర్తుండే ఉంటాయి. మూడో రోజుకి మా మెట్ల గది గోడ వెంట నీళ్ళు సన్నగా కారడం మొదలైంది, నాలుగో రోజుకి హాల్లో ఫ్యాను కొక్కెం చుట్టూ కంచం అంత చెమ్మ మచ్చ. ఫోన్ చేస్తే “సార్, మీరేం టెన్షన్ పడబాకండి, వాన వెలిసినాక నేనే వస్తా” అన్నాడు. వాన వెలిసింది, సంక్రాంతి కూడా వెళ్ళిపోయింది, ఆయన మాత్రం రాలేదు. రావాల్సిన అవసరం ఆయనకి లేదు మరి, గృహప్రవేశం ముందు రోజే ఆఖరి పైసాతో సహా ఇచ్చేశాను.

తర్వాత ఒంగోలులో మా తమ్ముడు ఇల్లు కట్టించేటప్పుడు మేస్త్రీని వెతికే పని నేనే నెత్తిన వేసుకున్నాను. అప్పుడు చేసినవీ, అప్పుడు తెలిసినవీ ఇక్కడ రాస్తున్నాను. మేస్త్రీ అన్నా కాంట్రాక్టర్ అన్నా ఇందులో ఒకటే అనుకోండి, మన వైపు కాంట్రాక్టర్లలో చాలామంది బేల్దారి పనితో మొదలుపెట్టి పైకొచ్చినవాళ్ళే.

ముందు మీ సంగతి తేల్చుకోండి. రోజూ సైటు దగ్గర నిలబడే మనిషి ఇంట్లో ఉన్నారా? నాన్నో, మామయ్యో, రిటైరైన బాబాయో, ఎవరో ఒకరు ఉంటే లేబర్ కాంట్రాక్ట్‌కి, అంటే కూలి వరకే మాట్లాడి, ఇచ్చి సిమెంటు, కమ్మి (ఇనుప కడ్డీలు), ఇటుకలు మీరే కొనుక్కోవడం మేలు, నాణ్యత మీ చేతిలో ఉంటుంది. మీరు చెన్నైలోనో బెంగళూరులోనో ఉద్యోగం చేసుకుంటూ నెలకోసారి వచ్చి చూసేవాళ్ళయితే ఆ పని మీ వల్ల కాదు, మెటీరియల్‌తో సహా ఇచ్చేయండి, కానీ ఒక సివిల్ ఇంజినీరుని విడిగా మాట్లాడుకుని ఆయన ఫీజు మీరే ఇవ్వండి. కాంట్రాక్టర్ తెచ్చిన ఇంజినీరు కాంట్రాక్టర్ మనిషే అవుతాడు. బ్యాంకు లోన్ ఉంది కదా, వాళ్ళ ఇంజినీరు వచ్చి చూస్తాడు కదా అనుకోబాకండి. ఆయన చూసేది పని ఎంతవరకు లేచిందనే, లోపల కమ్మి ఎంత దూరంలో కట్టారని కాదు.

పేర్లు ఎక్కడ సంపాదించాలి? చుట్టాలు చెబుతారు, కానీ చుట్టాలు చెప్పిన మేస్త్రీతో ఒక చిక్కుంది, తేడా వస్తే గట్టిగా అడగలేం. నాకు బాగా పనికొచ్చింది సిమెంటు, ఇనుము కొట్లవాళ్ళు. ఏ మేస్త్రీ ఇంటి ఓనరు దగ్గర డబ్బు తీసుకుని కొట్లో బాకీ పెడతాడో, ఎవరు ఏ రకం కమ్మి తీసుకెళతారో, ఎవరి పని సగంలో ఆగిపోయిందో వాళ్ళకి తెలిసినంత ఇంకెవరికీ తెలీదు. “మంచి మేస్త్రీ ఎవరున్నారు?” అంటే వాళ్ళ కమీషన్ మనిషి పేరు చెప్పే అవకాశం ఉంది కాబట్టి అలా అడగకండి. మీ దగ్గరున్న నాలుగు పేర్లూ చెప్పి, “వీళ్ళలో ఎవరికైతే మీరు అప్పు ఇస్తారు?” అని అడగండి. ఒంగోలులో ఒక కొట్టాయన ఒక పేరు వినగానే ఏమీ మాట్లాడకుండా అప్పుల పుస్తకం తీసి నా ముందు పెట్టాడు. ఆ పేరు అక్కడితో కొట్టేశాను.

ఇక పాత ఇళ్ళు చూడటం. ఇదే అసలు పని, దీనికి రెండు ఆదివారాలు పోయినా పర్వాలేదు. మేస్త్రీ మనల్ని తీసుకెళ్ళి చూపించేది నిన్న మొన్న రంగులేసిన ఇల్లు, రంగుల కింద ఏముందో దేవుడికెరుక. రెండు మూడేళ్ళ కిందట కట్టినవి, అందులోనూ కనీసం మూడు, అడ్రసులు అడిగి తీసుకోండి, ఆయన లేకుండా వెళ్ళండి. మనకి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి, కాబట్టి నాలుగు రోజులు ముసురు పట్టినప్పుడు వెళ్ళగలిగితే ఇల్లే మీకు అన్నీ చెబుతుంది. బాత్రూం గోడకి అవతలి వైపు, అంటే బెడ్రూం వైపు, పెయింటు ఉబ్బిందా? కిటికీల మూలల నుంచి ఏటవాలుగా నెర్రెలు పోయాయా? పిట్టగోడ స్లాబుని కలిసే చోట నల్లగా పాచి గీత ఉందా? మెట్ల గది పైకప్పు చూడటం మాత్రం మరిచిపోబాకండి, అందరూ ఆఖర్న హడావుడిగా చుట్టేసేది దాన్నే. మేడ మీదకెళ్ళి నీళ్ళు ఎటు పోతున్నాయో చూడండి, తూము దగ్గరికి పోకుండా మధ్యలో మడుగు కట్టిందంటే ఆ మేస్త్రీకి వాటం ఇవ్వడం రాదనే లెక్క.

ఆ ఇంటివాళ్ళని “బాగా కట్టాడా అండీ?” అని అడిగితే నూటికి తొంభై మంది “బాగానే కట్టాడు” అంటారు. నలభై లక్షలు పోసి కట్టించుకున్న ఇల్లు బాగాలేదని తెలియనివాళ్ళ ముందు ఎవరు ఒప్పుకుంటారు? నేనూ చెప్పేవాణ్ణి కాదు. అందుకని సమాధానంలో అంకె వచ్చేలా అడగండి. ఎన్ని నెలలన్నాడు, ఎన్ని పట్టింది? ఒప్పందం ఎంత, చివరికి ఎంతయింది? మధ్యలో ఎన్ని రోజులు పని ఆగింది? గృహప్రవేశం అయ్యాక ఎన్నిసార్లు పిలిచారు, ఎన్నిసార్లు వచ్చాడు? ఈ ఆఖరి ప్రశ్నకి ఆడవాళ్ళు సూటిగా జవాబు చెబుతారని నా అనుభవం. ఒంగోలులో ఒకావిడ “నాలుగుసార్లు పిలిచాం, మూడుసార్లు వచ్చాడు, ఒకసారి వాళ్ళ అబ్బాయిని పంపాడు” అంది. మేం చివరికి తీసుకున్నది ఆ మేస్త్రీనే.

పాత ఇల్లు చూశాక, ఇప్పుడు పని నడుస్తున్న సైటుకి చెప్పకుండా వెళ్ళండి, వీలైతే స్లాబు వేసే రోజు. మీరు ఇంజినీరు కానక్కర్లేదు, ఒక గంట నిలబడితే చాలు. స్లాబు కమ్మి కింద సిమెంటు బిళ్ళలు, అదే కవర్ బ్లాకులు, పెట్టారా, లేక కంకర రాయి ఏదో దూర్చారా అని వంగి చూడండి. కొన్నిచోట్ల అదీ ఉండదు, కమ్మి నేరుగా సెంట్రింగ్ రేకు మీద పడుకుని ఉంటుంది. అలాంటి స్లాబులో కమ్మి కింద కాంక్రీటు ఉండదు, కొన్నేళ్ళకి తుప్పు పట్టి ఉబ్బి పెచ్చులు ఊడతాయి. మా నెల్లూరు ఇంట్లో ఇప్పుడు వరండాలో పెచ్చులు ఊడినచోట వేలు పెడితే కమ్మి తగులుతుంది.

తర్వాత మిల్లర్, అదే కాంక్రీటు కలిపే మిషను, దగ్గరికి వెళ్ళి నీళ్ళు ఎట్టా పోస్తున్నారో చూడండి. సిమెంటు, ఇసుక, కంకర 1:1½:3 పాళ్ళలో కలిపే మాలుకి బస్తాకి 30 లీటర్లకి మించి నీళ్ళు పోయకూడదని కాంక్రీటు పనికి మన దేశపు కోడ్ ఐఎస్ 456 చెబుతోంది, ఇసుక తడిగా ఉంటే ఇంకా తగ్గించాలి. పైపు వదిలేసి పాయసంలా జారేదాకా పోస్తున్నారంటే కూలీలకి లాగడం తేలిక, స్లాబుకి మాత్రం చేటు. వైబ్రేటర్ ఉందా, ఉన్నా దాన్ని వాడుతున్నారా లేక గోడకి ఆనించి పెట్టారా? ఆ సైట్లోనే కిందటి నెల వేసిన పిల్లర్ల అడుగున చూడండి, తేనెపట్టులా గుల్లలు ఉన్నాయా, లేక గుల్లలు కనపడకుండా సిమెంటు పాలు పూశారా? పిల్లర్లకి గోతాలు చుట్టి తడుపుతున్నారా? స్లాబు మీద మడులు కట్టి నీళ్ళు నిలబెట్టారా? మామూలు సిమెంటుకి కనీసం 7 రోజులు, ఇప్పుడు మనం ఎక్కువగా వాడే పీపీసీకి, అంటే బూడిద కలిపిన సిమెంటుకి, 14 రోజులు తడపాలి, అందులోనూ మన ఎండలకి. “పోట్లు (స్లాబు కింద ఆనించిన గుంజలు) ఎప్పుడు తీస్తారు?” అని మేస్త్రీని మాటల్లో అడగండి. పదిహేనడుగుల లోపు గది స్లాబుకి కనీసం 7 రోజులు, మామూలు బీములకి 14 రోజులు అన్నది కోడ్ లెక్క, పీపీసీ అయితే ఇంకొన్నాళ్ళు ఆగేవాడే మంచి మేస్త్రీ. సెంట్రింగ్ సామాను అద్దె పెరుగుతుందని నాలుగో రోజే పీకేసేవాళ్ళు ఉన్నారు.

ఇంకొకటి, ఆయనకి ఇప్పుడు ఎన్ని సైట్లు నడుస్తున్నాయో కూలీలనే అడగండి. ఐదారు సైట్లుంటే మీరిచ్చిన బట్వాడా డబ్బు, అదే వారం కూలి, అవతలి సైటుకి, అవతలి కూలీలు మీ సైటుకి తిరుగుతూ ఉంటారు. కూలీలకి వారం వారం బట్వాడా సరిగ్గా అందుతోందో లేదో టీ తాగేటప్పుడు వాళ్ళే చెప్పేస్తారు, మీరు అడగనక్కర్లేదు.

మన జిల్లాల్లో మట్టి, నీళ్ళు, గాలి మూడూ తేడాగా ఉంటాయి, మేస్త్రీకి వాటి గురించి ఎంత తెలుసో తేల్చుకోవడం రేటు కంటే ముఖ్యం. ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడి ఉన్నచోట నేల వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం కాలు దిగేంత నెర్రెలిస్తుంది. అక్కడ “నాలుగడుగులు తీస్తే చాలు సార్” అని గుంట చూడకుండానే చెప్పేవాణ్ణి నమ్మకండి. గట్టి నేల తగిలేదాకా వెళ్ళడం, పునాది చుట్టూ ఇసుకో గ్రావెలో నింపడం, ప్లింత్ బీము (పునాది పైన గోడల కింద వచ్చే బీము) వేయడం, నల్లమట్టి మరీ లోతుగా ఉంటే అండర్ రీమ్డ్ పైల్స్ (లోతుకి దిగి అడుగున ఉబ్బుగా ఉండే కాంక్రీటు స్తంభాలు) వేయించడం, వీటిలో ఏది కావాలో మట్టి పరీక్ష చెబుతుంది. ఇంటి ఖర్చులో ఆ పరీక్ష ఫీజు చాలా చిన్నది. నెల్లూరు చుట్టూ అయితే వరి పొలాల మీద గ్రావెల్ తోలి వేసిన లేఅవుట్లు ఎక్కువ, పైన గట్టిగా కనపడేది తోలిన మట్టి, దాని కింద పాత మడి అట్టాగే ఉంటుంది. పునాది ఆ పాత మడిని కూడా దాటాలి. పెన్నా పక్క కాలనీల్లో 2021 నవంబరు వరదకి నీళ్ళు ఎంతవరకు వచ్చాయో పక్కింటి గోడల మీద గుర్తు చూసి బేస్‌మెంట్ ఎత్తు అనుకోండి. ఇది ముందే ఎందుకంటే రేటు చెప్పేటప్పుడు మేస్త్రీలు మూడడుగుల బేస్‌మెంట్ లెక్క వేసుకుంటారు, ఆపైన ప్రతి అడుగూ ఎక్స్‌ట్రానే.

మైపాడు, కొత్తపట్నం, సింగరాయకొండ లాంటి తీరం ఊళ్ళలో కట్టేవాళ్ళకి ఇంకో బాధ. బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే ఆ నీళ్ళతో మాలు కలపకూడదు, తడపకూడదు కూడా. ఇనుము ఉండే కాంక్రీటుకి వాడే నీళ్ళలో క్లోరైడ్లు లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటకూడదు. సముద్రపు గాలి నేరుగా తగిలేచోట కోడ్ ఎం 30 కాంక్రీటు (ఎం పక్కన అంకె పెరిగేకొద్దీ బలం ఎక్కువ), కమ్మి మీద 45 ఎం.ఎం. కవర్, అంటే అంత మందాన కాంక్రీటు, అడుగుతుంది, మేస్త్రీలు అలవాటుగా కలిపే 1:1½:3 మాలు మాత్రం ఎం 20 కిందికి వస్తుంది. ఈ తేడా చెబితే ముఖం చిట్లించుకునే మేస్త్రీ తీరం పక్క ఇంటికి పనికిరాడు. మా తమ్ముడి ఇంటి మేస్త్రీ స్థలం చూడటానికి వచ్చి, రేటు మాట ఎత్తకముందే బోరు కొట్టి నీళ్ళు పుక్కిలించి ఊసి “దీంతో కుదరదన్నా, ట్యాంకరే” అన్నాడు. నాకు అక్కడే సగం నమ్మకం కుదిరింది.

ఇప్పుడు రేటు సంగతి. ముగ్గురి దగ్గరా మూడు రేట్లు తీసుకుని పోల్చుకోవడం అంటే ఒకరు మామిడి, ఒకరు సపోటా, ఒకరు పుచ్చకాయ ధర చెప్పినట్టే. ఒకాయన అడుగుకి అంటాడు, ఒకాయన చదరానికి, అంటే వంద అడుగులకి, అంటాడు. స్థలం నెల్లూరులో అంకణాల్లో కొంటాం, ఇక్కడి అంకణం 72 చదరపు అడుగులు, మిగతా చోట్ల 36 అడుగుల అంకణం కూడా ఉంది కాబట్టి మాటల్లో జాగ్రత్త. కాబట్టి లిస్టు మీరు రాయండి, అదే లిస్టు ముగ్గురికీ ఇచ్చి దాని మీద రేటు వేయమనండి. అడుగులు ఎలా కొలుస్తారో ముందు రాయాలి, పోర్టికో పూర్తిగా కొలుస్తారా సగమా, సన్‌షేడ్లు లెక్కలోకి వస్తాయా, మెట్ల గది ఎట్టా. ఆ తర్వాత సంపు, సెప్టిక్ ట్యాంకు, కాంపౌండ్ గోడ, గేటు, పిట్టగోడ, ఎలివేషన్, వంటగది గట్టు, అల్మరాలు, వాటర్ ట్యాంకు, మీటరు, వీటిలో ఏవి రేటులో ఉన్నాయో ఏవి లేవో. టైల్స్ అడుగు ఎంత రేటు లోపు, గుమ్మాలు టేకా వేపా, వైరు ఏ కంపెనీ, జీఎస్టీ కలిపా కాకుండానా. చీమకుర్తి మన పక్కనే ఉంది కదా అని లిస్టులో ఊరికే “గ్రానైట్” అని రాసి వదిలేయబాకండి, అక్కడి బ్లాక్ గెలాక్సీలో మేలు రకం చాలావరకు ఎగుమతికే పోతుంది, రాయి రంగు, మందం రాసుకోండి. ఇసుకకి 2024 జూలై నుంచి మన రాష్ట్రంలో ధర లేదు, లోడింగు, రవాణా ఖర్చే, కాబట్టి మెటీరియల్‌తో కలిపి చెప్పిన రేటులో ఇసుకకి ఎంత వేశారో అడిగే హక్కు మీకుంది.

నా మొదటి ఇంటి లెక్క చెబుతాను. 1,200 అడుగులు, పక్కాయన కంటే అడుగుకి 100 రూపాయలు తక్కువ, లక్షా ఇరవై వేలు మిగిలాయని ఎగిరి గంతేశాను. ఎక్స్‌ట్రాల కింద చివరికి నేను కట్టింది 2,60,000.

కమ్మి విషయంలో ఒక చిన్న పరీక్ష ఎవరైనా చేయొచ్చు. కమ్మి మందాన్ని దానితోనే గుణించి 162తో భాగిస్తే మీటరు బరువు కేజీల్లో వస్తుంది. 12 ఎం.ఎం. కమ్మి 12 మీటర్ల పొడవుంటే దాదాపు 10.7 కేజీలు, 8 ఎం.ఎం. 4.7, 16 ఎం.ఎం. 19 కేజీల దరిదాపుల్లో తూగాలి. లారీ దిగగానే ప్రతి సైజులో కొన్ని కడ్డీలు లెక్కపెట్టి కాటాకి వేయండి. 12 ఎం.ఎం.కి 5 శాతం దాకా తేడా ప్రమాణాల ప్రకారం ఒప్పుకోవచ్చు, అంతకు మించితే వెనక్కి పంపండి. ఈ పరీక్ష చేస్తానని ఒప్పందానికి ముందే చెప్పండి. “వేసుకోండి సార్, నేనూ పక్కనే ఉంటా” అన్నాడా సరే. “మా మీద నమ్మకం లేదా?” అన్నాడంటే ఇంకో మేస్త్రీని చూసుకోండి.

ఒప్పందం స్టాంపు పేపరు మీద, తెలుగులో, ప్లాన్ కాపీ జత చేసి రాసుకోండి. ప్లాన్ అనుమతి డీపీఎంఎస్‌లో, అదే ప్రభుత్వ ఆన్‌లైన్ అనుమతుల పోర్టల్‌లో, మీ పేరు మీదే వస్తుంది, తేడా వస్తే నోటీసు మీకే, కాబట్టి “అనుమతి సంగతి నేను చూసుకుంటా” అన్నా లాగిన్, కాగితాలు మీ దగ్గర పెట్టుకోండి. కూలీలకి దెబ్బ తగిలితే ఎవరి బాధ్యతో ఒక వాక్యం ఉండాలి, పక్కనే కరెంటు తీగలుంటే మరీను. మధ్యలో మీరు మనసు మార్చుకుని గోడ జరపమన్నా, ఆయన ఎక్స్‌ట్రా అన్నా, పని మొదలవకముందే ఎంతో వాట్సాప్‌లో రాయించుకోండి.

డబ్బు మాత్రం పని వెనకే నడవాలి, ముందు నడవకూడదు. మా తమ్ముడు ఇచ్చిన పద్ధతి ఇది: అడ్వాన్స్ 5 శాతం, బేస్‌మెంట్ అయ్యాక 15, పిల్లర్లు లేచి స్లాబు పడ్డాక 30, గోడలు అయ్యాక 15, ప్లాస్టరింగ్, లోపలి పైపులు, వైర్లు అయ్యాక 15, టైల్స్, తలుపులు, రంగులు అయ్యాక 10. మిగిలిన 10 శాతం ఒక నవంబరు, డిసెంబరు వానలు గడిచాకే. మేస్త్రీ ముందు ఒప్పుకోలేదు, నాలుగు రోజులు రాలేదు కూడా, తర్వాత “సగం గృహప్రవేశానికి, సగం వానలయ్యాక” అన్నాడు, ఒప్పుకున్నాం. డిసెంబరులో ఒక కిటికీ పైన చెమ్మ కనపడితే ఫోన్ చేసిన మూడో రోజే మనిషిని పంపాడు. మేస్త్రీ మొండికేస్తే వినియోగదారుల కమిషన్ ఉంది, ఇచ్చిన సొమ్ము 50 లక్షల లోపైతే జిల్లాలోనే, రెండేళ్ళ లోపు కేసు వేయాలి, బిల్లులూ ఒప్పందమూ ఉంటే కేసు నిలబడుతుంది. కానీ చేతిలో ఆపుకున్న 5 శాతం పనిచేసినంత తొందరగా కేసు పనిచేయదు.

పాత ఇంటి మీద పైఅంతస్తు వేయించేవాళ్ళకి ఒక మాట. కింద పిల్లర్లున్న ఇల్లా, గోడల మీద నిలబడ్డ ఇల్లా అని చూడకుండా రేటు చెప్పినవాణ్ణి అక్కడే పంపించేయండి. మేడ మీద ఎప్పటినుంచో వదిలేసిన కమ్మి తలలు తుప్పు పట్టి ఉంటాయి కదా, వాటిని ఏం చేస్తావని అడగండి. బ్రష్షుతో రుద్ది, ఎంత సన్నబడిందో కొలిచి, ఇంజినీరుని పిలుద్దాం అంటే వినండి. “సిమెంటు పాలు పూసి కట్టేస్తాం” అంటే మాత్రం వద్దు. గోడలు పగలగొట్టి గదులు కలపడం కూడా అంతే, ఏ గోడ బరువు మోస్తోందో ఇంజినీరు చెప్పాక సుత్తి పట్టుకోవాలి.

ఇంకో చిన్నది, కానీ గొడవ పెట్టేది. స్లాబు వేసే రోజు కూలీలందరికీ మాంసం భోజనం, మేస్త్రీకి బట్టలు, ఇది మన వైపు ఆనవాయితీ, ఎవరి ఖర్చు అన్నది ఎవరూ ముందు మాట్లాడుకోరు. మా తమ్ముడి ఒప్పందంలో ఇసుక నుంచి గేటు కొక్కెం దాకా అన్నీ రాశాను, ఇదొక్కటి రాయలేదు. ముప్పై మందికి వేట కోయించి పులుసు, చికెన్ వేపుడు, పెరుగు, అన్నీ మా తమ్ముడి జేబులోంచే. మేస్త్రీ మాత్రం వచ్చి, “అన్నా, ఇది మాత్రం లిస్టులో లేదే” అని నవ్వుతూ ఇంకో ముక్క వేయించుకున్నాడు.